చాకుకు పదును చాలు, మొన ఎందుకు?

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నేనింకా ఎండీ చేయలేదు. ఓ జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్‌ని. రాత్రి పదిన్నర దాటాక ఒక కుర్రాడు తన తమ్ముణ్ని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తమ్ముడి బనియను మీద రక్తం పెద్దగా లేదు. ఎడమ రొమ్ము కింద అంగుళం కూడా లేని గాటు. చూడ్డానికి రెండు కుట్లతో సరిపోయేలా ఉంది. చెయ్యి పట్టుకుంటే నాడి అందలేదు. నేనూ, సిస్టరూ, వార్డుబాయ్ అరగంట సేపు చేయగలిగిందంతా చేశాం. దక్కలేదు. గుండె చుట్టూ ఉండే సంచిలో రక్తం నిండిపోయి, గుండె కొట్టుకోవడానికి చోటు లేకుండా చేసిందని తర్వాత పోస్టుమార్టంలో తేలింది.

గొడవ దేని గురించో తెలుసా? బండిలో పెట్రోలు ఎవరు పోయించాలని. అన్న వంటింట్లో ఆమ్లెట్ కోసం ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తమ్ముడు ఏదో మాటన్నాడు. అన్న విసురుగా తిరిగి గుండెల మీద తోశాడు. "తోశానంతే మేడమ్, చేతిలో చాకుందన్న సంగతే గుర్తులేదు" అంటూ ఆ రాత్రంతా బయట బల్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకీ అదే మాట చెప్పాడు. తెల్లారి పోలీసులు తీసుకెళ్లారు. ఆ తల్లికి ఇద్దరే కొడుకులు.

అతను చెప్పింది నిజమా కాదా అన్నది కోర్టు తేల్చే సంగతి. నన్ను మాత్రం ఇన్నేళ్లుగా వదలని ప్రశ్న వేరే ఉంది. ఆ చాకు చివర సూదిలా కాకుండా గుండ్రంగా ఉండి ఉంటే ఏమయ్యేది? చర్మం కమిలేది, లేదా గీసుకుపోయేది. మర్నాడు పొద్దున అన్నదమ్ములిద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుని టిఫిన్ తినేవారు.

లండన్ డాక్టర్లు అడిగిన ప్రశ్న

ఇలా ఆలోచించింది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసింది. 2005లో లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగానికి చెందిన ముగ్గురు డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ వ్యాసం రాశారు. పొడవాటి, మొనదేలిన వంటింటి చాకుల అమ్మకాన్ని ఆపేయాలన్నది వాళ్ల వాదన. రాసే ముందు వాళ్లు పదిమంది పేరున్న చెఫ్‌లను అడిగారు: మీ పనికి పొడవాటి చాకు చివర ఆ మొన కావాల్సిందేనా అని. తప్పనిసరి అని ఒక్కరూ చెప్పలేదు. చిన్న చాకుకు మొన ఉంటే కొన్ని పనులకు వీలుగా ఉంటుందన్నారు, అంతే. అప్పట్లో ఆ వ్యాసాన్ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. 'ఇక ఫోర్కులు కూడా నిషేధించండి' అన్నారు.

అయితే అక్కడ ఆ చర్చ ఆగలేదు. 2018లో లూటన్ క్రౌన్ కోర్టు జడ్జి నిక్ మాడ్జ్ తన పదవీ విరమణ ప్రసంగంలో ఇదే విషయం ఎత్తారు. జనం తమ ఇంట్లో చాకుల మొనలు అరగదీయించుకోవాలని చెప్పారు. ఆ ఊళ్లో ఆయన ముందుకు వచ్చిన కేసుల్లో కుర్రాళ్లు వాడిన కత్తులు చాలావరకు ఏ ఆయుధాల దుకాణంలోనో కొన్నవి కావు, వాళ్లమ్మ వంటింటి సొరుగులోంచి తీసినవి. నటుడు ఇద్రిస్ ఎల్బా కూడా 2025లో బీబీసీ డాక్యుమెంటరీ చేస్తూ గుండ్రని మొన చాకుల గురించి మాట్లాడారు. వాళ్ల లెక్కలు చూస్తే ఈ ఆందోళన ఎందుకో అర్థమవుతుంది. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండ్, వేల్స్‌లలో పదునైన ఆయుధాలతో 262 హత్యలు జరిగితే, అందులో 109 వంటింటి చాకులతోనే. అంటే పదింట నాలుగు.

నిజానికి ఇది మరీ కొత్త ఆలోచన కూడా కాదు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1669లోనే భోజనాల బల్ల మీద మొనదేలిన కత్తులు వాడొద్దని ఆజ్ఞ జారీ చేశాడు. ఇవాళ హోటల్‌లో వెన్న రాసుకోవడానికి ఇచ్చే కత్తి చివర గుండ్రంగా ఉండటంలో ఆ కాలపు ఆలోచన కొంత మిగిలే ఉంది.

పదును వేరు, మొన వేరు

ఇక్కడ మీరు నన్ను ఆపి అడుగుతారని తెలుసు. "డాక్టర్ గారూ, మొద్దు చాకుతో కదా చెయ్యి ఎక్కువ తెగేది?" నూటికి నూరుపాళ్లు నిజం. మొద్దుబారిన చాకుతో టమాటా కోయాలంటే బలం పెట్టాలి. బలం పెడితే జారుతుంది. జారితే వేలి మీదకే వస్తుంది. కాబట్టి చాకు అంచు ఎప్పుడూ పదునుగానే ఉండాలి. నేను మాట్లాడుతున్నది అంచు గురించి కాదు, చివరనుండే మొన గురించి. ఈ రెండింటినీ మనం ఒకటే అనుకుంటాం. శరీరానికి మాత్రం రెండూ ఒకటి కాదు.

అంచు చేసేది కోత. పొడవుగా ఉంటుంది, రక్తం బాగా కారుతుంది, చూసినవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కానీ చాలావరకు పైపైన ఉంటుంది. మొన చేసేది పోటు. పైకి చిన్న చిల్లు. లోపల ఏం తెగిందో కంటికి కనపడదు. మన శరీరంలో కత్తిని గట్టిగా అడ్డుకునేది చర్మం. ఎముక అడ్డు రాకపోతే, ఒకసారి చర్మం చిరిగాక కింద ఉన్న కొవ్వు, కండ, కాలేయం, పేగు పెద్దగా అడ్డు చెప్పవు. చర్మాన్ని దాటడానికి కావల్సిన బలం ఎంతన్నది అన్నిటికన్నా ఎక్కువగా మొన ఎంత సన్నగా ఉందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఫోరెన్సిక్ వైద్యులు దీన్ని 1970ల్లోనే కొలిచి చూశారు. అందుకే సన్న మొన ఉన్న చాకుతో మనిషిని పొడవడానికి కండబలం అక్కర్లేదు, కోపం కూడా అంతగా అక్కర్లేదు. ఆ అన్నలాగా తోస్తే చాలు.

ఇంగ్లండ్‌లో లెస్టర్‌లోని డి మాంట్‌ఫోర్ట్ యూనివర్సిటీ పరిశోధకులు రెండు రకాల చాకులనూ రకరకాల బట్టల మీద పరీక్షించారు. మొన ఉన్నవి దూసుకుపోయాయి. గుండ్రని చివర ఉన్నవి బట్టను చీల్చలేకపోయాయి. వంటకు మాత్రం రెండూ ఒకేలా పనికొస్తాయి. జపాన్‌లో కూరగాయలకు వాడే నకిరి చాకుకు అసలు మొనే ఉండదు, దీర్ఘచతురస్రంలా ఉంటుంది. చైనా వంటవాళ్లు పలకలాంటి పెద్ద కత్తితో అల్లం నుంచి కోడి దాకా అన్నీ కోసేస్తారు. వాళ్ల వంట ఏమీ ఆగిపోలేదు.

మన వంటింట్లో ఏం జరుగుతోంది?

హత్యల మాట పక్కన పెట్టండి. దేవుడి దయ వల్ల మనలో చాలామంది ఇళ్లల్లో అంతదాకా రాదు. కానీ చెయ్యి తెగని ఇల్లు ఉందా? నా అనుభవంలో అంచుతో తెగినవి లెక్కలో ఎక్కువ, మొనతో గుచ్చుకున్నవి నష్టంలో ఎక్కువ. ఉల్లిపాయ తరుగుతూ ఎడమ చేతి బొటనవేలో, చూపుడువేలో కోసుకున్నవాళ్లు వారంలో మర్చిపోతారు. కొబ్బరి చిప్పలోంచి ముక్క పెకిలించబోయి అరచేతిలోకి చాకు దింపుకున్నవాళ్లు నెలల తరబడి ఫిజియోథెరపీ చుట్టూ తిరుగుతారు.

ఆ కొబ్బరి చిప్ప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పండగల మర్నాడు ఆసుపత్రికి వచ్చే కేసు ఇది. ఎడమ అరచేతిలో చిప్ప పెట్టుకుంటాం. కుడిచేత్తో చాకు మొనను చిప్పకూ కొబ్బరికీ మధ్య దూర్చి బలంగా ఎత్తుతాం. ముక్క ఒక్కసారిగా ఊడి వస్తుంది. చాకు ఆగదు. వేళ్ల మొదట్లోనో, బొటనవేలు పక్కనో దిగుతుంది. అక్కడ వేళ్లను ముడవడానికి ఉపయోగపడే నరం తాళ్లు, అంటే టెండన్లు, స్పర్శ తెలిసే నరాలు చర్మానికి బాగా దగ్గరగా ఉంటాయి. గాయం అర అంగుళం కూడా ఉండదు. ఇంట్లో పసుపు అద్ది గుడ్డ కడతారు. నాలుగు రోజుల తర్వాత "వేలు ముడుచుకోవడం లేదు మేడమ్" అని వస్తారు. మొదటి రోజే వచ్చి ఉంటే సులువుగా అయ్యే ఆపరేషన్ అప్పటికి కష్టమవుతుంది. చిప్పను స్టవ్ మంట మీద కాసేపు తిప్పితే కొబ్బరి దానంతటదే వదులవుతుంది. ఆ తర్వాత చెంచా కాడ చాలు.

ఫ్రీజర్‌లో గడ్డకట్టి అతుక్కుపోయిన పాల ప్యాకెట్‌ను చాకుతో పొడిచి తీసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెయ్యి బాగుంటే ఫ్రిజ్ గ్యాసు పోతుంది. నూనె ప్యాకెట్ కొయ్యడం, డబ్బా మూత పెకిలించడం, కుక్కర్ పిడి స్క్రూ బిగించడం, పార్శిల్ టేపు చింపడం... ఇవన్నీ మనం చాకు మొనతో చేసే పనులు. ఒక్కటీ వంట కాదు. ఇంట్లో ఓ కత్తెర, ఓ స్క్రూడ్రైవర్ చేతికందేలా ఉంటే ఈ పనులకు చాకు జోలికే వెళ్లం. చాకుకు మొనే లేకపోతే వెళ్లాలన్న ఆలోచనే రాదు. డిజైన్ గొప్పతనం ఇక్కడే. మనిషికి జాగ్రత్తలు రోజూ గుర్తుండవు. వస్తువే గుర్తుపెట్టుకోవాలి. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ పెట్టింది అందుకే కదా! 'విజిల్ దగ్గర మెతుకు అడ్డం పడకుండా చూసుకోండమ్మా' అని చెప్పి ఊరుకోలేదు.

చిన్నపిల్లలున్న ఇళ్ల సంగతి ఇంకా వేరు. గట్టు అంచున పెట్టిన చాకు పిడి వాళ్ల కంటికి బొమ్మలా కనిపిస్తుంది. లాగితే కిందపడేటప్పుడు పాదం మీదో, పైకి చూస్తున్న మొహం మీదో పడుతుంది. చాకు పట్టుకుని పరిగెడుతూ పడితే కన్నే పోవచ్చు. గుండ్రని చివర అయితే ఇవన్నీ పోతాయని చెప్పను. కన్ను పోయే చోట కనుబొమ్మ చిట్లడంతో సరిపెట్టే అవకాశం మాత్రం ఉంది.

మా ఓపీకి వచ్చే మరో రెండు రకాల వాళ్లను కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉండి చేతుల్లో స్పర్శ తగ్గినవాళ్లు, గుండెకు స్టెంట్ వేయించుకునో, వాల్వ్ మార్పించుకునో రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు. మొదటివాళ్లకు చిన్న పోటు తెలియదు, చీము పట్టాక తెలుస్తుంది. రెండోవాళ్లకు చిన్న గాటు కూడా ఎంతసేపు నొక్కిపట్టినా ఓ పట్టాన ఆగదు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే ఈ వ్యాసం మొదట వాళ్ల కోసమే.

కత్తిపీట తగువు

ఇదంతా మా ఇంట్లో చెబితే మా అత్తయ్య ఒక్క మాటతో కొట్టిపారేశారు. "మీ చాకులొచ్చాకే ఈ గొడవలన్నీ. నలభై ఏళ్లుగా కత్తిపీట మీద తరుగుతున్నాను, ఒక్కసారి తెగిందా?" ఆవిడ ఎడమ బొటనవేలి మీద తెల్లటి గీత ఉంది. నేనేమీ అనలేదు.

కానీ ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. కత్తిపీట కదలదు, కూరగాయ కదులుతుంది. పీట కాలి కింద ఉంటుంది, రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. గుమ్మడికాయ, పనస లాంటి గట్టి కాయలకు చాకు కన్నా అదే నయం. కోపంలో ఎత్తి విసరడానికీ అంత వీలుండదు. ఇబ్బందల్లా పని అయ్యాకే. నిలబడి ఉన్న బ్లేడు, దాని కొసన కోరు పళ్లు, నేల మీద పాకే పిల్లల మొహం ఎత్తులో. పాతకాలం ఆడవాళ్లు పని కాగానే కత్తిపీటను పక్కకు పడుకోబెట్టి, బ్లేడు గోడ వైపు తిప్పి పెట్టేవారు. అది వాళ్ల సేఫ్టీ డిజైన్. ఇప్పుడు బ్లేడు మడిచే రకం దొరుకుతోంది, కొనేటప్పుడు అదే అడగండి.

"ఇంకోటి దొరకదా?" అంటారు

మొన తీసేసినంత మాత్రాన చంపాలనుకున్నవాడు ఆగుతాడా, రోకలిబండ తీసుకోడా, కొడవలి తీసుకోడా అన్నది పెద్ద అభ్యంతరం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం మార్చింది కత్తులు కాదు, పురుగుమందు.

మెడిసిన్ వార్డులో పనిచేసే ఏ తెలుగు డాక్టర్‌నైనా అడగండి. పురుగుమందు తాగి వచ్చినవాళ్లలో చాలామంది ఆ పని చేయాలని రోజుల తరబడి ఆలోచించినవాళ్లు కారు. పది నిమిషాల ముందు గొడవ పడ్డారు, చేతికందిన డబ్బా ఎత్తారు. బతికాక "ఎందుకు చేశానో నాకే తెలియట్లేదు" అంటారు. శ్రీలంకలో ఆత్మహత్యల రేటు 1995 ప్రాంతంలో తారస్థాయికి చేరింది. అక్కడి ప్రభుత్వం అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 2005 నాటికి ఆ రేటు సగానికి పడిపోయింది. జనం కోపతాపాలు తగ్గలేదు. చేతికందే డబ్బాలో విషం తగ్గిందంతే. బ్రిటన్‌లో 1960, 70ల్లో వంట గ్యాసులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ పోయి సహజ వాయువు వచ్చేసరికి, గ్యాసుతో ప్రాణాలు తీసుకోవడం ఆగిపోవడమే కాదు, మొత్తం ఆత్మహత్యలే తగ్గాయి. అందరూ వేరే దారి వెతుక్కోలేదు. 1998లో అదే దేశం పారాసిటమాల్ ప్యాకెట్ సైజు తగ్గించింది, మందుల షాపులో 32 మాత్రలకు మించి ఒకసారి ఇవ్వరు. ఆ తర్వాత పదకొండేళ్లలో ఆ మాత్రలతో చనిపోయేవాళ్లు 40 శాతానికి పైగా తగ్గారు.

వంటింటి చాకు కూడా ఇదే కోవలోకి వస్తుందని నా నమ్మకం. పథకం వేసుకుని చంపేవాడు ఎలాగైనా చంపుతాడు. వేటకొడవళ్లతో వెంటపడేవాళ్లకు ఈ వ్యాసం ఏం చేస్తుంది? నేను మాట్లాడేది వంటింట్లో నిలబడి ఉన్న మామూలు మనిషి గురించి. అతని కోపం ఆయుష్షు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో చేతిలో ఏముంది అన్నదే ప్రశ్న. గుండ్రని చాకులను దేశం మొత్తానికి తప్పనిసరి చేసి, ఫలితం లెక్కగట్టిన ప్రభుత్వం ఇంతవరకు లేదు. కాబట్టి హత్యలు ఇంత శాతం తగ్గుతాయని నేను మీకు అంకె చెప్పను. అంకె లేదు కదా అని సేఫ్టీ వాల్వ్ వద్దనుకోం.

బియ్యం డబ్బాలో చాకులు

ఇక్కడొక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. నా దగ్గర బీపీకి మందులు వాడే ఒకావిడ, ఓ రోజు మాటల మధ్య చెప్పింది: "సాయంత్రం ఆరు దాటితే చాకులన్నీ బియ్యం డబ్బాలో దాచేస్తాను మేడమ్. ఆయన తాగొచ్చి పడుకున్నాక మళ్లీ తీస్తాను." అందుకే వాళ్లింట్లో రాత్రి కూర మధ్యాహ్నమే అయిపోతుందట. చదువుకున్న కుటుంబం. భర్త మంచి ఉద్యోగి.

మేం క్యాజువాలిటీలో చూసే గాయాలు మాట్లాడతాయి. కూరగాయలు తరిగేటప్పుడు కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు తెగేది ఎడమ చేతి వేళ్లు. ముంజేతి వెలుపలి వైపు అడ్డంగా పడిన గాట్లు తరుగుతూ పడేవి కావు, అడ్డుకోబోతే పడేవి. "చాకు జారింది" అని ఆవిడ చెబుతుంది, పక్కన నిలబడ్డ భర్త తల ఊపుతాడు. అప్పుడు మేం భర్తను మందులు తెమ్మని బయటకు పంపిస్తాం. ఎంఎల్‌సీ రాస్తాం. ఆ కాగితంలో 'పదునైన ఆయుధం' అని రాసి ఊరుకోవడం మాకు అలవాటు. అది వంటింటి చాకా, మరొకటా, మొన ఉందా లేదా అన్నది కూడా రాస్తే పదేళ్లలో మన దగ్గర కూడా బ్రిటన్ లాంటి లెక్క తయారవుతుంది. నా తోటి డాక్టర్లకు ఇది నా విన్నపం.

2020లో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్ పోలీసులు గృహహింస బాధిత ఇళ్లకు గుండ్రని చివరున్న చాకులు పంచి చూశారు. కొట్టేవాణ్ని వదిలేసి చాకు మార్చడమేంటని విమర్శలొచ్చాయి. ఆ విమర్శ సరైనదే. చాకు మారిస్తే భర్త మారడు. కానీ బియ్యం డబ్బాలో చాకులు దాచుకునే ఆవిడ రేపు పొద్దుటికి బతికి ఉంటేనే ఏ సాయమైనా అందేది. రెండూ చేయాలి. ఇలాంటి పరిస్థితి మీదైనా, మీ పక్కింటివాళ్లదైనా మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. అక్కడి నుంచి సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ప్రాణం మీదకొస్తే 112.

చట్టం ఏమంటుంది, మనం ఏం చేయొచ్చు

మన ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాలుగా లెక్కించారు. ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వాటికి మినహాయింపు ఇచ్చారు. ఇవ్వక తప్పదు కూడా. వంటింటి చాకుకు లైసెన్సు అడిగే చట్టం వస్తే మొదట నేనే నవ్వుతాను. నాకు కావల్సింది నిషేధం కాదు. తయారీదారులు ఇళ్లకు అమ్మే సెట్లలో పెద్ద చాకుల చివర గుండ్రంగా చేసి అమ్మాలి, మొన కావాలన్న వాళ్లు అడిగి కొనుక్కోవాలి. ఇప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి ఉంది. పెళ్లి కానుకగా ఇచ్చే ఆరు చాకుల సెట్టులో ఐదు మనం జీవితంలో వాడం. అందులో మాంసం ఎముక నుంచి ఒలిచే సన్న చాకు ఒకటి ఉంటుంది. శాకాహారుల ఇంట్లో కూడా గట్టు మీద చెక్క స్టాండులో అందంగా నిలబెట్టి ఉంటుంది. ఎవరికైనా చేతికందేలా.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. సొరుగులో ఉన్నవన్నీ బయటపెట్టి చూడండి. నిజంగా రోజూ వాడేవి రెండో మూడో ఉంటాయి. మిగతావి పై అరలోకి ఎక్కించండి, లేదా వదిలించుకోండి. కొత్తది కొంటే కూరగాయల చాకు పెద్దదై, చివర గుండ్రంగానో, పలకగానో ఉన్నది తీసుకోండి. పళ్లకు చిన్నది మొన ఉన్నదే ఉండనీయండి, మామిడికాయ టెంక దగ్గర దాంతో పని పడుతుంది. బ్లేడు వేళ్ల పొడవు దాటకుండా ఉంటే చాలు. పిడి తడిచేత్తో పట్టుకున్నా జారకూడదు. షాపులో పట్టి చూడండి, సిగ్గుపడకండి.

ఇంత చెప్పినా తెగుతుంది, అది వంటిల్లు. తెగితే కుళాయి నీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా పైకెత్తి పది నిమిషాలు పట్టుకోండి. మధ్యమధ్యలో తీసి 'ఆగిందా' అని చూడొద్దు, చూసిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది. కాఫీ పొడి, సున్నం, పసుపు పెట్టకండి. వాటిని కడిగి తీయడానికే మాకు సగం సమయం పోతుంది. వేలు ముడవలేకపోయినా, వేలి చివర తిమ్మిరిగా ఉన్నా గాయం ఎంత చిన్నదైనా అదే రోజు ఆసుపత్రికి రండి. ఒంట్లో చాకు దిగి ఉండిపోతే లాగొద్దు, కదలకుండా చుట్టూ గుడ్డలు పెట్టి 108కి ఫోన్ చేయండి. వేలు తెగి పడిపోతే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐస్ వేసిన నీళ్లలో పెట్టి తీసుకురండి. నేరుగా ఐస్ మీద పెడితే కణాలు పాడైపోతాయి. టీటీ ఇంజెక్షన్ తెగిన ప్రతిసారీ అక్కర్లేదు. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి ఉంటే, శుభ్రమైన గాయానికి పదేళ్లకోసారి, మట్టీ మురికీ అంటిన గాయానికి ఐదేళ్లు దాటితే చాలు. ఎప్పుడు వేయించుకున్నారో ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

మా వీధిలోకి రెండు నెలలకోసారి సైకిలు మీద సాన పట్టే ఆయన వస్తాడు. మొన్న నేను నాలుగు చాకులు తీసుకెళ్లి, అంచు పదును పెట్టి మూడింటి చివర గుండ్రంగా అరగదీయమన్నాను. ఆయన తొక్కుడు ఆపి నా వైపు చూశాడు. "ముప్పై ఏళ్ల నుంచి తిరుగుతున్నానమ్మా. మొన విరిగితే తిరిగి తెమ్మని అడిగినోళ్లే గానీ, ఉన్న మొన తియ్యమన్నోళ్లు లేరు" అన్నాడు. ఎందుకో చెప్పాను. ఏమీ మాట్లాడకుండా విన్నాడు. మూడూ అరగదీసి, వేలితో చివర తడిమి చూసి ఇచ్చాడు. మొన తీసినందుకు డబ్బులు వద్దన్నాడు, పదునుకే తీసుకున్నాడు. అత్తయ్య ఆ సాయంత్రం అందులో ఒకదానితో బెండకాయలు తరిగారు. "తెగుతోందిలే" అన్నారు.